రెండు కంచర గాడిదలు, పన్నెండు రోజుల అడవి

ఆ ఏడు అడవి క్యాంపు పని ఒప్పుకోకూడదని వానలు తగ్గకముందే అనుకున్నాను. సముద్రం మధ్య మా ద్వీపంలో, డెలానీపూర్‌లో మాకొక చిన్న కొట్టు ఉంది. టార్పాలిన్లు, తాళ్లు, బకెట్లు, దోమతెరలు, గమ్‌బూట్లు అమ్ముతాం. వెనక రెండు గదుల్లో ఉంటాం. కొట్టు పైకి కనిపించేది మాత్రమే. అసలు పని అడవిలోకి వెళ్లేవాళ్లకు ఏర్పాట్లు చేయడం. చెట్లు లెక్కపెట్టేవాళ్లు, పక్షుల కూతలు రికార్డు చేసేవాళ్లు, నేల కొలిచేవాళ్లు ఎవరొచ్చినా బియ్యం నుంచి అగ్గిపెట్టె దాకా మూటలు కట్టించి, మోసే మనుషుల్ని కుదిర్చి, అనుమతి కాగితాలు తెప్పించి లోపలికి పంపాలి, మళ్లీ క్షేమంగా బయటికి తేవాలి. నా భర్త ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేశారు. పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాక నాలుగేళ్లుగా నేను చేస్తున్నాను.

ఇష్టంగా చేశానని చెప్పలేను. ఆయనకు అడవి తెలుసు, నాకు జాబితాలు తెలుసు. ఒక క్యాంపు అంటే నాకు నెల రోజుల తలపోటు. ఉప్పు మరిచిపోయానా, కిరసనాయిలు డబ్బా మూత సరిగా పడిందా, వాళ్లలో ఎవరికైనా జ్వరం వస్తే ఎవరు మోసుకొస్తారు, ఇదే ఆలోచన. నాకు నలభై తొమ్మిదేళ్లు నిండాయి. పొద్దున్నే ఆయన్ను లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, కొట్టు తెరిచేసరికే నా రోజు అయిపోయినట్టుండేది. కూతురు వేరే ద్వీపానికి వెళ్లి హోటల్లో ఉద్యోగం చేస్తోంది. అది తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవలేదు. నేను తెలుగులో రాసుకునే జాబితాలు ఇంట్లో చదవగలిగేది ఆయనొక్కరే.

నవంబరు చివర్లో విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. చెట్ల మీద పరిశోధన చేసే అమ్మాయి. రెండేళ్ల కిందట మా ద్వారానే ఒకసారి అడవికి వెళ్లొచ్చింది. ఈసారి షోల్ బే వైపు కొండల్లో అడవి జాజికాయ చెట్లు లెక్కపెట్టాలట.

"అక్కా, పన్నెండు రోజులు కావాలి. నాతో ఇద్దరు సహాయకులు వస్తారు" అంది.

"నాను ఈ ఏడు మానీసినానమ్మా. మోసేవాళ్లు లేరు. ముందు ఆరుగురుండీవోరు గదా, ఇద్దరు హోటల్లో వాచ్‌మెన్ పనికెళ్లిపోయారు. ఒకడికి నడుం పోయింది. ఒకడు మరి లేడు. మిగిలినోళ్లు కొండెక్కమంటే నవ్వుతున్నారు."

ఆమె వెంటనే అంది, "బాంబూఫ్లాట్‌లో కంచర గాడిదలు ఉన్నాయట కదా. ఎవరో వీడియో పెడితే చూశాను. రెండున్నాయి. వాటి మీద వేసుకెళ్లలేమా? ఇది నాకు చివరి అవకాశం అక్కా. ఈ ఏడు లెక్క పూర్తి చేయకపోతే నాలుగేళ్ల పని వృథా."

కుదరదని చెప్పాల్సింది. నాలుగేళ్ల పని అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. "సూసి సెప్తాను" అన్నాను. ఫోను పెట్టేశాక ఆయన మంచం మీద నుంచి అడిగారు.

"ఒప్పీసుకున్నావా?"

"సూస్తానన్నాను."

"అంటే ఒప్పీసుకున్నట్టే గదే" అని అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు చాథమ్ జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్లాను. రేవుకు కొంత దూరంలో, రేకుల షెడ్డు వెనక అవి కట్టేసి ఉన్నాయి. ఒకటి నల్లది, పడుచుది. రెండోది ఎర్రది, మూతి చుట్టూ నెరిసిపోయింది. వాటి మనిషి నేల మీద కూర్చుని ఎర్రదాని కాలు ఒళ్లో పెట్టుకుని గిట్టను పొడి గుడ్డతో తుడుస్తున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఉత్తరాఖండ్ కొండల వాడు. అతను మాట్లాడేది హిందీ. మా ద్వీపాల్లో పుట్టినవాళ్లకు హిందీ ఇంటి భాషంత దగ్గరే కాబట్టి మా మాటలకు ఇబ్బంది లేదు. అతని మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

కొండ మీద ఒక టవరు కట్టడానికి ఇసుక, సిమెంటు మోయాల్సి వచ్చి, రోడ్డు లేని చోటు కాబట్టి, ఒక కాంట్రాక్టరు అతన్ని నాలుగు కంచర గాడిదలతో సహా ఓడలో తీసుకొచ్చాడట. మొదటి వానకాలంలోనే రెండు చనిపోయాయి. పని సగంలో ఆగింది. ఇంకో పని వస్తుంది, ఇక్కడే ఉండమని చెప్పి కాంట్రాక్టరు వెళ్లాడు. కొన్నాళ్లకు ఆ ఫోను నంబరే పనిచేయడం మానేసింది. అప్పటికి రెండేళ్లయింది. చుట్టుపక్కల వాళ్లకు నీళ్లు, కొబ్బరికాయలు మోసిపెడుతూ, వాళ్లు పెట్టింది తింటూ ఉంటున్నాడు.

నేను పన్నెండు రోజుల క్యాంపు గురించి చెప్పాను. ఎంత దూరం, ఎంత ఎత్తు అని అడుగుతాడనుకున్నాను.

"దీదీ, లోపల గడ్డి ఉందా?" అన్నాడు.

అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అంత పచ్చటి అడవిలో గడ్డి లేకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. అక్కడి నుంచే ఇంటికి ఫోను చేశాను.

"గడ్డా? ఆ అడవిలో గడ్డేటే. సెట్టు కింద సెట్టే. ఎండ నేల మీద పడితే గదా గడ్డి మొలవడానికి" అన్నారు ఆయన.

నేను ఆ మాట చెబితే అతను తల ఊపాడు. గిట్టను నెమ్మదిగా కింద పెట్టి, వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. తడి నేల, ఎత్తు, కాబట్టి ఒక్కోదానికి అరవై కిలోల కన్నా ఎక్కువ వేయకూడదు. ఒక్కోటి రోజుకు గింజలు, ఎండుగడ్డి కలిపి ఆరేడు కిలోలైనా తినాలి. పన్నెండు రోజులకు ఎంతయింది? నేను లెక్క పూర్తి చేసి అతని వంక చూశాను. వాటి మేత మొయ్యడానికే వాటి వీపులు చాలవు.

"మరి మీ కొండల్లో ఎలా వెళ్తారు భయ్యా?"

"మా కొండల్లో గడ్డి ఉంటుంది" అన్నాడు.

అక్కడే వదిలేస్తే బాగుండేది. కానీ అతను నన్ను వదల్లేదు. రెండేళ్ల తర్వాత ఎవరో పని గురించి అడిగినందుకు కాబోలు, తనివితీరా మాట్లాడాలనుకున్నాడు. రోడ్డు ఆగిపోయే చోట మేత దాచి ఉంచుదాం, మూడు రోజులకు ఒకసారి ఇవి వెనక్కి వచ్చి తెచ్చుకుంటాయి, దిగేటప్పుడు మీ ఆకుల మూటలు తెస్తాయి, ఎక్కేటప్పుడు బియ్యం, మేత తీసుకెళ్తాయి అన్నాడు. ఫెర్రీలో తిరిగి వస్తూ నేను దాన్ని మనసులోనే రోజులవారీగా విడదీసుకున్నాను. ఇంటికి చేరేసరికి ప్రయాణం నా నెత్తి మీదికి ఎక్కి కూర్చుంది.

తర్వాతి మూడు వారాలు అదే పని. సబ్బుల అట్టపెట్టె విప్పి, పరిచి, దాని మీద దారి గీయించాను. ఆయన ఎడమ చేత్తో గీశారు. గీత వంకరగా పోయేది, అయినా నన్ను గీయనిచ్చేవారు కాదు.

"వింబర్లీగంజ్ దాటినాక రోడ్డు అయిపోద్ది. అక్కడ్నించి మొదటి వాగు గంటన్నర. రెండో వాగు దగ్గర పెద్ద దుంగ అడ్డంగా పడుంటది. దాని మీద నుంచి మనుషులు, పక్కన కిందకి దిగి జంతువులు. ఆ వాగు ఏప్రిల్ దాకా ఎండదు. క్యాంపు దాని అవతల ఎయ్యండి."

"మీరెల్లి ఎన్నేళ్లయ్యింది అటు?"

"ఎన్నేళ్లయితేటి. వాగు ఎక్కడికి పోద్ది?"

చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో పెద్దరికం వినిపించింది. ఎదురు చెప్పలేదు.

అనుమతి కోసం అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్తే, ఫారంలో జంతువులు అనే చోట ఏనుగులు అని మాత్రమే అచ్చయి ఉంది. అక్కడి గుమాస్తా ఫారాన్ని రెండు వైపులా తిప్పి చూసి, ఏనుగులు కొట్టేసి కంచర గాడిదలకు ఖచ్చర్లు అని రాయండి, పక్కన సంతకం పెట్టండి అన్నాడు. అలాగే చేశాను. వారం తర్వాత ఫారం వెనక్కి వచ్చింది. కొట్టివేతలు ఉండకూడదట. మళ్లీ తెల్లకాగితం మీద విడిగా రాసి జత చేశాను. అప్పుడు పశువుల డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు.

డాక్టరు కుర్రవాడు. ఆవుల్నీ మేకల్నీ తప్ప కంచర గాడిదను ముట్టుకోవడం అదే మొదటిసారని నాతో చెప్పాడు. మర్యాదగా, జాగ్రత్తగా చూశాడు. పళ్లు చూశాడు, గుండె విన్నాడు, నడిపించి చూశాడు. నల్లదాని కాగితం చకచకా రాశాడు. ఎర్రదాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి అన్నాడు. కాగితం మీద ఇంగ్లీషులో తేలికపాటి పనికి మాత్రమే పనికొస్తుంది అని రాసి నా చేతికిచ్చాడు.

"ఏం రాశాడు దీదీ?" అని అడిగాడు అతను. ఇంగ్లీషు అతనికి రాదు.

ఆ పూట పొద్దున్నుంచి నేను మూడు ఆఫీసులు తిరిగి ఉన్నాను. మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టమని పక్కింటామెకు చెప్పి వచ్చాను. పరిశోధక అమ్మాయి అప్పటికే విమానం టిక్కెట్లు కొనుక్కుంది. ఈ ఒక్క కాగితం అయిపోతే చాలనుకున్నాను.

"బాగానే ఉందన్నారు" అన్నాను.

అతను కాగితం తీసుకుని, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మేత సంగతి కూడా నా పనే అయింది. ఎండుగడ్డి వరి పండించే ఒకాయన దగ్గర దొరికింది. గింజల దగ్గరే చిక్కు. అతను బార్లీ అన్నాడు. ద్వీపంలో బార్లీ అంటే జ్వరం వచ్చినవాళ్లకు గంజి కాచే చిన్న డబ్బాలే. నేను ఉలవలు ఉడకబెట్టి తీసుకెళ్లాను. మా వైపు గుర్రాలకు ఇవే పెడతారు అన్నాను. అతను గిన్నెలో చెయ్యి పెట్టి చూసి మొదటిసారి నవ్వాడు.

"మా ఊళ్లో వీటిని గహత్ అంటాం. చలికాలంలో మేమే తింటాం. ఖచ్చర్‌కి పెట్టడమా?"

కానీ పెట్టాడు. ఎర్రది గిన్నె అడుగు దాకా నాకేసింది.

డిసెంబరు మధ్యలో ఆ అమ్మాయి ఇద్దరు సహాయకులతో వచ్చింది. అసలు ప్రయాణానికి మూడు రోజుల ముందు, బరువులన్నీ వేసి రెండో వాగు దాకా వెళ్లి రావాలని అతను పట్టుబట్టాడు. రోడ్డు ఆగే చోట పనస కొమ్మకు కాటా వేలాడదీసి, మూటలు ఒక్కొక్కటీ తూచాం. కుడివైపు ఎంతో ఎడమవైపు అంతే ఉండాలి, అరకిలో తేడా కూడా వద్దన్నాడు.

ఆ అమ్మాయి సామానులో ఒక ఇనప పెట్టె, పాత వార్తాపత్రికల కట్టలు ఉన్నాయి. ఆకులు, పూలు పత్రికల మధ్య పెట్టి ఆరబెడతారు. కట్టలన్నీ తూస్తే నలభై కిలోలు.

"ఇనప పెట్టె వద్దు" అన్నాడు అతను. "మూల గుచ్చుకుంటే వీపు పుండు పడుతుంది. ఈ గాలిలో పుండు మానదు."

"అందులో పరికరాలున్నాయి. తడవకూడదు" అంది ఆమె.

"అయితే నువ్వు మొయ్యి బేటీ" అన్నాడు, కోపం లేకుండానే.

ఆమె నా వంక చూసింది. నేను కొట్టులోంచి తెచ్చిన మందపాటి ప్లాస్టిక్ సంచులు తీసి ఇచ్చాను. ఆమె పరికరాలు వాటిలోకి మార్చుకుంది. పత్రికల్లో సగం తీసి పక్కన పెట్టింది. అడవికి వెళ్లే ప్రతివాళ్లూ ఇలా సగం సామాను వదులుకునే ఘడియ ఒకటి వస్తుంది. అప్పుడు వాళ్లతో మాట్లాడకూడదని నాకు అనుభవం.

మొదటి వాగు సులువుగా దాటాం. నల్లది ముందు, ఎర్రది వెనక. అతను ఎర్రదాని పక్కనే నడిచాడు. ఎక్కే చోట దాని మెడ మీద చెయ్యి వేసి ఏదో గొణుగుతున్నాడు. నేను అందరికన్నా వెనక. నా మోకాళ్లు అప్పటికే నొప్పి పెడుతున్నాయి. జలగలు పట్టకుండా కాళ్లకు రాసుకున్న ఉప్పు, పొగాకు నీళ్లు చెమటకు కారిపోయాయి.

రెండో వాగు దగ్గర దుంగ లేదు. ఆయన చెప్పిన దుంగ ఎప్పుడో కొట్టుకుపోయింది. గట్టు కూడా విరిగి పడి, దిగే దారి ఉండాల్సిన చోట నిట్టనిలువు బురద గోడ. సహాయకులు కత్తితో గట్టు చెక్కి కాస్త వాలు చేశారు. నల్లది వాసన చూసి, ఆగి, ఒక్క ఊపున దాటేసింది. ఎర్రది నీళ్ల అంచు దాకా వచ్చి నిలబడిపోయింది. అతను లాగలేదు, కొట్టలేదు. ఎదురుగా నిలబడి వేచి ఉన్నాడు. కాసేపటికి దాని ముందు కాళ్లు వంగాయి. మోకాళ్ల మీద కూర్చుని, అలాగే నెమ్మదిగా పక్కకు ఒరిగి బరువుతో సహా పడుకుంది. అరవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

అతను వెంటనే తాళ్లు కోసేశాడు. మూటలు బురదలో పడ్డాయి. దాని తల కింద తన కాలు పెట్టి కూర్చున్నాడు. సహాయకులు లేపుదామని వస్తే చేత్తో ఆగమన్నాడు.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎప్పుడో చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాను.

"భయ్యా, ఆ రోజు డాక్టరు తేలికపాటి పనికే అని రాశారు. నేను నీకు చెప్పలేదు."

అతను నా వైపు చూడలేదు. దాని చెవి వెనక రుద్దుతూనే ఉన్నాడు.

"నాకు తెలుసు దీదీ. కాగితం తెలీదు. దీని సంగతి తెలుసు. పోయిన వానల నుంచీ ఊపిరి చాలడం లేదు. డాక్టరు వద్దంటాడేమో, అప్పుడు మానేద్దాం అనుకున్నాను. మీరు బాగుందన్నారు. నేను ఊరుకున్నాను. రెండేళ్ల తర్వాత పని వచ్చింది. కాదనాలనిపించలేదు."

ఇద్దరం అలా కూర్చున్నాం. తప్పు పంచుకుంటే తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు. పరిశోధక అమ్మాయి వాగు అవతలి నుంచి అంతా చూసింది. నీళ్లలో దిగి మా దగ్గరికి వచ్చింది. మా మాటలు విన్నట్టుంది, ఆమెకు హిందీ అర్థమవుతుంది. బురదలో పడ్డ మూటలు ఏరి ఒడ్డు మీద పెట్టడం మొదలుపెట్టింది.

గంట తర్వాత ఎర్రది తనంతట తాను లేచింది. వట్టి వీపుతో వెనక్కి నడిపించుకొచ్చాం. దారిలో ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి నడిచింది.

"అక్కా, ఒక్కదానితో ఎన్ని రోజులు ఉండగలం?"

"ఐదు. మేత, మీ బియ్యం, మీ కాయితాలు కలిపి. అంతకు మించదు."

"సగం చెట్లు కూడా కావు" అంది. కొంచెం దూరం పోయాక, "సరే, ఐదు" అంది.

ఇంటికి వచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అట్టపెట్టె పటం ఒళ్లో ఉంది.

"దుంగ మీద నుంచే ఎల్లారా?"

"దుంగ లేదు."

"ఉంటది. మీరు కింద దాటుంటారు."

ఫోను తీసి ఫొటో చూపించాను. విరిగిన గట్టు, బురద, అవతల నిలబడ్డ నల్లది. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత పెన్ను అడిగారు. ఎడమ చేత్తో దుంగ మీద అడ్డంగా గీత కొట్టారు. గట్టిగా కొట్టడం వల్ల అట్ట చిరిగింది.

"అయితే మరి పైనుంచి ఎల్లాలి. మొదటి వాగు దాటగానే ఎడం పక్క ఎక్కీస్తే వాగు సన్నంగా ఉంటది." ఆగి, "ఉండేది. ఇప్పుడెలాగున్నాదో నాను సెప్పలేను. ఆ అమ్మాయికి అలగే సెప్పు, నమ్మొద్దని" అన్నారు.

ఆ రాత్రి అన్నం సగమే తిన్నారు.

ఒక్క షరతు మీద అతను నల్లదాన్ని తీసుకుని అడవికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. ఐదు రోజులూ ఎర్రదాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. ఊరికే మేత పడేసి పోవడం కాదు, గిట్టలు తుడవాలి, పక్కన కూర్చోవాలి. ఒంటరిగా ఉంటే తినదు అన్నాడు. అంతదాకా నేనెంత ఏర్పాటు చేసినా అది పంపడం వరకే. ఈ పనికి పంపడానికి ఎవరూ లేరు.

రోజూ పొద్దున కొట్టు మూసి, ఫెర్రీ దాటి, ఉడికించిన ఉలవల డబ్బాతో వెళ్లేదాన్ని. మొదటి రోజు కాలు ముట్టుకోవాలంటే భయం వేసింది. అది నా భయాన్ని పట్టించుకోలేదు. కాలు తనే ఎత్తి ఇచ్చింది. గిట్ట అడుగున ఇరుక్కున్న మట్టి పుల్లతో తీసి, గుడ్డతో తుడిచి, ఇంకో కాలు. నాలుగు కాళ్లూ అయ్యేసరికి గంట పట్టేది. తర్వాత షెడ్డు నీడలో బోర్లించిన బకెట్ మీద కూర్చునేదాన్ని. అది తినేది, ఆగేది, నా వంక చూసేది, మళ్లీ తినేది. ఎన్నో ఏళ్లుగా నేను పగటి పూట ఏ జాబితా లేకుండా కూర్చోలేదు. మూడో రోజు బకెట్ మీదే కూర్చుని నిద్రపోయాను. లేచి చూస్తే ఫెర్రీ వెళ్లిపోయింది. కంగారు పడాల్సింది. పడే ఓపిక లేక తర్వాతి దాని కోసం అక్కడే ఉండిపోయాను.

ఐదో రోజు సాయంత్రం వాళ్లు దిగివచ్చారు. సహాయకుల కాళ్ల నిండా జలగ కాట్లు. ఆ అమ్మాయి గొంతు బొంగురుపోయింది. లెక్క సగానికి తక్కువే అయింది. నల్లది ఎక్కడా ఆగలేదట. అతను ముందు ఎర్రదాని దగ్గరికి వెళ్లి నాలుగు గిట్టలూ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. చూసి, నాకు దండం పెట్టాడు. నేను డబ్బా కడగడానికి పోయాను.

వెళ్లేముందు ఆ అమ్మాయి మా కొట్టుకు వచ్చింది. "నాలుగేళ్లు వృథా అన్నాను కదా, పూర్తిగా కాదులే అక్కా. సగానికి ఏదో ఒకటి రాయొచ్చు" అంది. ఆమె కళ్లు మాత్రం వేరే చెప్పాయి. తర్వాతి ఏడాది మళ్లీ ఫోను చేసింది. అప్పుడు నేను కుదరదని చెప్పాను. ఆమెకు మాయాబందర్ వైపు చేసే వాళ్ల నంబరు ఇచ్చాను. క్యాంపు పని మాకు అంతటితో అయిపోయింది.

ఆ క్యాంపు అయ్యాక వచ్చిన జనవరిలోనే అతను మా కొట్టుకు వచ్చాడు. రెండేళ్లలో బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ దాటి ఇవతలికి రావడం అతనికి అదే మొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు.

"దీదీ, మీకు అర్జీలు రాయడం వచ్చు. మా ఇంటికి పోవడానికి ఒకటి రాసి పెట్టండి. ముగ్గురికి" అన్నాడు.

రాశాను. సరుకుల ఓడ వాళ్లు ఒప్పుకున్నారు. మళ్లీ డాక్టరు కాగితం కావాలన్నారు, సముద్ర ప్రయాణానికి తగినవని. అదే కుర్ర డాక్టరు వచ్చాడు. నల్లదానికి రాశాడు. ఎర్రదానికి రాయలేనన్నాడు. దారిలోనే పోతుందని నెమ్మదిగా చెప్పాడు. ఈసారి నేను ప్రతి మాటా అతనికి హిందీలో చెప్పాను. విని, "అయితే ముగ్గురం ఉంటాం" అన్నాడు. అర్జీ వెనక్కి తీసుకున్నాం.

మే చివర్లో వానలు మొదలయ్యాక ఎర్రది చనిపోయింది. పొద్దున్నే ఫోను చేసి ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. వెళ్లేసరికి షెడ్డు వెనక గొయ్యి తవ్వేసి ఉన్నారు. చుట్టుపక్కల నీళ్లు మోయించుకున్నవాళ్లంతా వచ్చారు. తమిళులు, రాంచీ వాళ్లు, బెంగాలీలు, మా వాళ్లూ ఉన్నారు. అతను ఏడవలేదు. పని చేస్తున్న మనిషిలాగే ఉన్నాడు.

ఆగస్టులో నల్లదానితో వెళ్లిపోయాడు. ఓడ ఎక్కించడం చూడ్డానికి హడ్డో రేవుకు వెళ్లాను. దాని పొట్ట కింద వెడల్పాటి పట్టీ వేసి క్రేనుతో లేపారు. నాలుగు కాళ్లూ గాలిలో వేలాడుతూ, తల ఒక పక్కకు పెట్టి, అది అంత ఎత్తున నెమ్మదిగా తిరిగింది. కింద నిలబడ్డ వాళ్లంతా ఫోన్లు ఎత్తారు. అతను మాత్రం చేతులు పైకి చాచి ఉంచాడు, అది పడితే పట్టుకునేవాడిలా. డెక్కు మీద దాని కాళ్లు ఆనాక చేతులు దించి, నిచ్చెన ఎక్కి, నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన అడిగారు.

"లేపినప్పుడు తన్నిందా?"

"లేదు. కాళ్లు ఏలాడేసీసింది."

"అలిసిపోయుంటది" అన్నారు.

కొట్టు తెరవాల్సిన వేళ. ఎవరో టార్పాలిన్ కోసం బయట పిలుస్తున్నారు. నేను పలకలేదు. తలుపు దగ్గరగా వేసి, ఆయన మంచం పక్కనే చాప పరుచుకుని మధ్యాహ్నం దాకా పడుకున్నాను.